లీకు లేని సీసాలు

"అమ్మా, ఈ సీసా టోపీ మోటా అయిపోయింది."

మంచం కిందినుంచి నా కూతురు ఆ మాట అన్నప్పుడు నేను గోడ పక్కన నిలబడి ఉతికిన బట్టలు మడత పెడుతున్నాను. శనివారం, మధ్యాహ్నం రెండు దాటింది. కరెంటు లేదు. మోటా అంటే బెంగాలీలో లావు. మా పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు గాని ఏ మాట ఎక్కడిదో వాళ్ళకు పట్టదు. సీసా టోపీ లావు కావడమేమిటి అనుకుంటూ చేతిలో ఉన్న చొక్కా మడత పూర్తి చేశాను. బొత్తాలు కూడా పెట్టాను. అప్పుడు వంగి చూశాను. ఆ బొత్తాలు పెట్టడానికి ఎంతసేపు పట్టిందో ఇప్పటికీ లెక్క వేసుకుంటూ ఉంటాను.

మా మంచం కోళ్ళ కింద ఒక్కోదానికి నాలుగేసి ఇటుకలున్నాయి. ఈ ఊళ్ళో చాలా ఇళ్ళలో అంతే. ఉన్న ఒక్క గదిలో మంచం కింద చోటే రెండో గది. ట్రంకు పెట్టె, బియ్యం డబ్బా, శీతాకాలపు బొంతలు అన్నీ అక్కడే. మిగిలిన చోట పిల్లల ఆటలు. నా ఎనిమిదేళ్ళ కూతురు అట్టపెట్టెతో దుకాణం పెట్టుకుని, బోర్లా పడుకుని, గడ్డం కింద పిడికిళ్ళు పెట్టుకుని ఉంది. దాని ముక్కుకు జానెడు దూరంలో మేము తయారుచేసిన అల్లం సోడా సీసాలు వరసగా ఉన్నాయి.

ఒక్కో సీసా మూతి మీద రబ్బరు బిళ్ళ, దాని మీద ఇనుప బిళ్ళ, పైన మరమేకు. మంగళవారం బిగించినప్పుడు రబ్బరు ఇనుముతో సమంగా ఉంది. ఇప్పుడు చివరి సీసాకు అది చుట్టూ బయటికి తన్నుకొచ్చి, కందిరీగ కుట్టిన పెదవిలా ఉబ్బి ఉంది. వేలితో నొక్కితే రాయిలా ఉంది. నా వేలు వెనక్కి వచ్చేసింది.

మా బొబ్బిలిలో బస్టాండు దగ్గర గోలీ సోడా అమ్మే ముసలాయన సీసాలో గ్యాసు పట్టించేటప్పుడు దాన్ని ఇనుప పెట్టెలో పెట్టి తిప్పేవాడు. పెట్టె ఎందుకని చిన్నప్పుడు అడిగాను. పేలితే మొహం మీద పడకుండా అమ్మా అన్నాడు. ఆ సీసాల గాజు నా వేలంత మందం. మా మంచం కింద ఉన్నవి పాత షర్బత్ సీసాలు. వాటిని గోరుతో తడితే గాజులు మోగినట్టు మోగుతాయి. ఇరవై ఏళ్ళుగా గుర్తురాని ఆ ముసలాయన ఆ క్షణంలో గుర్తొచ్చాడు.

"బయటికి రా" అన్నాను.

"ఇంకా దుకాణం కట్టెయ్యలేదు."

రెండు కాళ్ళూ పట్టుకుని లాగేశాను. లాగుతూనే సీసాలు లెక్కపెట్టాను. ఏడే ఉన్నాయి. మేము బిగించినవి ఎనిమిది.

*

ఇది నిరుటి వేసవి సంగతి. పిల్లలు పడుకున్నాక రోజుకు కాసేపు కూర్చుని రాస్తున్నాను. పగలైతే ఈ విషయం తలచుకోగానే లేచి ఏదో ఒకటి సర్దాలనిపిస్తుంది.

మేము ఉండేది బెంగాల్లో, లిలువా రైల్వే క్వార్టర్లలో. మా ఆయన వర్క్‌షాపులో ఫిట్టరు. బండి పెట్టెల కింద బ్రేకు గొట్టాలు సరిచూడడం ఆయన పని. ఎక్కడ కొంచెం గాలి జారుతున్నా కనిపెట్టి, అది ఆగేదాకా వదలకూడదు. ఇంట్లో కుళాయి బొట్టు కారినా ఆయనకు అన్నం సయించదు. మా అత్తగారిది శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు ఊరు. ఇక్కడికి వచ్చి ముప్పై ఏళ్ళు దాటినా ఆమె మాట ఆ ఊరిదే. నేను బీయస్సీ చదివాను, రసాయనశాస్త్రం. పెళ్ళయ్యాక ఆ చదువు పాలు విరగకుండా చూసుకోవడానికి, మరకలు వదిలించడానికి తప్ప దేనికీ పనికి రాలేదు.

నాకు భయం ఎక్కువ. అంతకుముందు ఏడాది మా అబ్బాయికి కామెర్లు వచ్చాయి. బయటి నీళ్ళు, బయటి ఐసు తాగించవద్దని డాక్టరు చెప్పాడు. ఆయన ఆ మాట ఒక్కసారే చెప్పాడు, నేను రోజుకు పదిసార్లు చెప్పాను. స్టేషను దగ్గర సోడా బండి కనబడితే పిల్లల్ని రోడ్డుకు అటు పక్కకు లాక్కెళ్ళేదాన్ని. ఐసు తింటే గొంతు మూసుకుపోతుందన్నాను. అబద్ధం చెప్తే డాక్టరు ఇంజెక్షను వేస్తాడన్నాను. క్వార్టర్ల గేటు దాటితే ఛేలేధరా వస్తాడన్నాను. పిల్లల్ని గోనెసంచిలో వేసుకుపోయేవాణ్ణి ఇక్కడ అలా అంటారు. భయాలన్నీ ఒకే గొంతుతో చెప్పేదాన్ని, ఏది నిజమో ఏది కాదో వాళ్ళకు తెలిసే దారి లేదు.

ఎండలు ముదిరాక పిల్లలు సోడా అని ఏడవడం మొదలుపెట్టారు. ఇంట్లోనే చేస్తానన్నాను. మరిగించి చల్లార్చిన నీళ్ళతో, నా చేత్తో చేస్తే ఇక భయమెందుకు?

మొదట నిమ్మరసం పంచదార నీళ్ళలో వంటసోడా వేశాను. బుస్సుమని పొంగింది, పిల్లలు గ్లాసు నోటి దాకా తెచ్చేసరికి చప్పబడిపోయింది. ఉప్పగా కూడా ఉంది. అత్తగారు ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టారు.

"ఏటే ఇది, అరుగుదలకి మందా?"

"సోడా అత్తా."

"ఇది సోడా అయితే మరి ఆ బండోడు అమ్మేది ఏటి?"

తర్వాత ఒక సీసాలో వెనిగరు, వంటసోడా కలిపి, అందులోంచి వచ్చే గ్యాసును రబ్బరు గొట్టంతో ఇంకో సీసాలోని పంచదార నీళ్ళలోకి పంపించాము. బుడగలు బాగానే వచ్చాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. తాగితే మాత్రం పాత డబ్బాలో పోసిన పంచదార నీళ్ళలా ఉంది. కారణం నాకు తెలుసు. నీళ్ళు చల్లగా ఉండాలి, గ్యాసు బయటికి పోకుండా ఒత్తిడిలో ఉండాలి, అప్పుడే అది నీళ్ళలో నిలుస్తుంది. మాకు ఫ్రిజ్ లేదు. మా క్వార్టర్ల వరసలో ఎవరింట్లోనూ లేదు.

మూడోసారి కాలేజీ పుస్తకం గుర్తొచ్చింది. రొట్టెలు పొంగడానికి వేసే ఈస్ట్ పంచదారను తిని గ్యాసు వదులుతుంది. మూత పెట్టిన సీసాలో ఆ గ్యాసుకు పోయే దారి లేక నీళ్ళలోనే కలుస్తుంది. బజారులో రొట్టెల దుకాణం నుంచి గసగసాల్లాంటి ఈస్ట్ గింజలు చిన్న పొట్లం తెచ్చాను. అల్లం దంచి మరిగించి, వడగట్టి, పంచదార, నిమ్మరసం వేసి, గోరువెచ్చగా అయ్యాక సీసాకు చిటికెడు ఈస్ట్ వేసి, బిరడాలు బిగించాను. రెండు సీసాలు. ఒకటిన్నర రోజు మంచం కింద ఉంచాను.

రెండో రోజు సాయంత్రం పిల్లలు చదువుకుంటుంటే టప్ అని ఒక బిరడా లేచి మంచం పట్టెకు తగిలి ట్రంకు పెట్టె వెనకాల పడింది. అబ్బాయి లేచి గంతులు వేశాడు. ఆ సీసాలో మిగిలినదీ, రెండో సీసాలోదీ వెంటనే పంచుకున్నాము. నాలుక చురుక్కుమంది, ముక్కులోంచి గ్యాసు వచ్చింది. అత్తగారికి త్రేనుపు వచ్చింది. "ఇదే సోడా" అన్నారు. ఆ రోజు నాకు కలిగిన గర్వం డిగ్రీ చేతికి వచ్చిన రోజున కూడా కలగలేదు.

మా ఆయనకు మాత్రం బిరడా లేవడం నచ్చలేదు.

"బిరడా లేసిందంటే గ్యాసు పోయింది. గ్యాసు పోయిందంటే పని సరిగ్గా లేదు" అన్నారు.

"కాస్త పోతే పోనివ్వండి. రుచి బాగానే ఉంది."

"బండి బ్రేకులో కాస్త పోతే ఏటవుతాదో తెలుసా నీకు?"

నాలుగు రోజులు సాయంత్రాలు కూర్చుని ఆయన ఎనిమిది సీసాలకు బిగింపులు చేశారు. మెడకు ఇనుప పట్టీ, మూతి మీద తుక్కులో పారేసిన గొట్టం కోసి చేసిన రబ్బరు బిళ్ళ, పైన మరమేకు. సీసాలు పాతసామాన్లవాడి దగ్గర ఏరి తెచ్చినవి, ఒక్కోటి ఒక్కో సైజు. అందులో ఒకటి మరీ చిన్నది. ఒక సీసాలో వంటసోడా, నిమ్మరసం వేసి బిగించి, నీళ్ళ తొట్టిలో ముంచి పిల్లలకు చూపించారు. ఒక్క బుడగ కూడా పైకి రాలేదు. "చూడండి, లీకు లేదు" అన్నారు. మేమందరం తొట్టి చుట్టూ వంగి చూశాము. నేనూ చూశాను. మొదటిసారి మమ్మల్ని కాపాడింది ఆ లేచిపోయిన బిరడాయే అని ఆ తొట్టి దగ్గర ఎవరికీ తట్టలేదు. తట్టవలసింది నాకు.

అబ్బాయికి గురువారంతో అయిదేళ్ళు నిండుతాయి. దానికోసం మంగళవారం సాయంత్రం ఎనిమిది సీసాలూ నింపాను. గురువారం సాయంత్రం అందరూ వచ్చాక తెరవాలి. అప్పటిదాకా ఎవరైనా ముట్టుకుంటే వాళ్ళకు చుక్క కూడా ఇవ్వనన్నాను. బుధవారం మధ్యాహ్నం గురువారం బంద్ అని తెలిసింది. బస్సులుండవు, రైళ్ళు ఆపేస్తారు. మా ఆడబిడ్డ వాట్‌గంజ్ నుంచి పిల్లలతో రావాలి, మేనత్త లేకుండా పుట్టినరోజు ఎలా? ఆదివారానికి మార్చాము. అబ్బాయి గురువారమంతా గడప మీద మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

సీసాలు తెరిచేద్దామా అని నేను ఒకసారి అన్నాను. ఆ మాట మాత్రం అన్నాను.

"ఉండనీ. ఊరతాది. ఆవకాయ పెట్టిన రోజే తింటామేటి?" అన్నారు అత్తగారు.

నేను తలూపాను. ఎంత ఊరితే అంత మంచిదని నా చేయికి కూడా అలవాటే. జాడీకి వాసెన కట్టి అటక మీద పెట్టి మరిచిపోవడం మా అమ్మ నేర్పింది. ఈస్ట్ ఆవకాయ కాదని నా చదువు నేర్పింది. ఆ రోజు మా అమ్మ నేర్పిందే నా తలలో ఉంది. అది శనివారం దాకా అలాగే ఉంది.

*

కూతుర్ని లాక్కెళ్ళి వరండాలో నిలబెట్టి, గోడకు ఆనుకుని కదలకుండా ఉండమన్నాను. సీసాల మీద కప్పడానికి తొట్టిలో నానేసిన దుప్పటి తీద్దామని రెండడుగులు వేశాను. అప్పుడు పేలింది.

మేకు కొట్టిన చెక్క పెట్టెను ఎవరో ఎత్తి నేలకేసి కొట్టినట్టు చప్పుడు. తర్వాత గాజు రాలిన చప్పుడు, అది చాలాసేపు వినిపించింది. అల్లం వాసన వేసే నీళ్ళు మంచం కిందినుంచి గడప దాకా వచ్చాయి. గాజు ముక్క ఒకటి ట్రంకు పెట్టె రేకులో నిలబడి ఉంది. ఇంకొకటి అట్టపెట్టె దుకాణాన్ని ఈ వైపు నుంచి ఆ వైపుకు చీల్చుకుపోయింది.

వరండాలో కునుకు తీస్తున్న అత్తగారు లేచి మనవరాల్ని ఒళ్ళోకి లాక్కున్నారు. పక్క క్వార్టరు కాకీమా పరుగెత్తుకొచ్చింది. ఆమె బెంగాలీ, మా పిల్లలు పిన్ని అన్నట్టుగా ఆమెను కాకీమా అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. ఆమె వెనక మా అబ్బాయి. వాళ్ళ వరండాలో గోళీలాడుకుంటున్నాడు.

"బోమా పొడ్లో నాకి?" అంది ఆమె. బాంబు పడిందా అని. ఎలక్షన్ల రోజుల్లో ఆ చప్పుడు విన్న మనిషి.

"బోమా కాదు కాకీమా, షర్బత్."

ఆమె నా మొహం, నేల మీద నీళ్ళు, మళ్ళీ నా మొహం చూసింది. "షర్బత్?" అని ఒకసారి అని, నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకుంటోందో భయపడిందో తెలియలేదు.

పిల్లలిద్దరి ఒళ్ళూ తడిమి చూశాను. ఎవరికీ గీత కూడా పడలేదు. అప్పుడు ఎనిమిదో సీసా మళ్ళీ గుర్తొచ్చింది. వరసలో లేనిది ఆ చిన్నది.

"చిన్న సీసా ఎవరు తీశారు?"

కూతురు తమ్ముడి వైపు చూసింది. వాడు తన కాళ్ళ వైపు చూసుకున్నాడు.

"నేను తీయలేదు" అన్నాడు.

నేను అడగనే లేదు నువ్వు తీశావా అని. భుజాలు పట్టుకుని కుదిపాను. ఎక్కడుందో చెప్పమన్నాను. చెప్పకపోతే పోలీసు వస్తాడన్నాను, డాక్టరు పెద్ద సూదితో వస్తాడన్నాను, సంచీవాడికి ఇచ్చేస్తానన్నాను. నా గొంతు నాకే వినబడుతోంది, ఆపుకోలేకపోతున్నాను. వాడు ఏడవలేదు. పెదవులు బిగించేశాడు. అలా బిగిస్తే ఇక వాడి నోట మాట రాదని నాకు తెలుసు, అయినా ఇంకా గట్టిగా అరిచాను.

వాళ్ళందర్నీ కాకీమా ఇంట్లో కూర్చోబెట్టి వెతకడం మొదలుపెట్టాను. బొగ్గుల డబ్బా, నీళ్ళ తొట్టి, చెప్పుల గూడు, వాడి బడిసంచి, వరండా కింద కాలువ. ఇంట్లో లేకపోతే ఎవరికైనా ఇచ్చి ఉంటాడేమో. నా పిల్లల సంగతి అలా ఉంచితే, ఇంకొకరి పిల్లవాడి చేతిలో అది ఉంటే? వరసలో పద్నాలుగు ఇళ్ళు. ప్రతి గుమ్మంలోనూ నిలబడి, మా అబ్బాయి మీ వాడికి ఏదైనా సీసా ఇచ్చాడా, ఇస్తే ముట్టుకోకండి, నన్ను పిలవండి అని చెప్పాను. ఏం సీసా అని అడిగితే ప్రతిచోటా మొదటినుంచి చెప్పవలసి వచ్చింది. ఎవరి దగ్గరా లేదు.

మా ఆయన మూడింటికి వచ్చారు. గడపలోనే ఆగి, కింద తడి చూసి, మంచం కిందికి వంగి చూశారు.

"కదపొద్దు. ఉన్నచోటే ప్రెషరు దింపాల" అన్నారు.

రెండు గోనెపట్టాలు తడిపి మిగిలిన ఆరింటి మీదా కప్పారు. ఆ ఎండలో చలికాలపు కోటు తొడుక్కున్నారు. వర్క్‌షాపు కళ్ళద్దాలు పెట్టుకుని, అన్నాలకు కూర్చునే పీటను మొహానికి అడ్డంగా నిలబెట్టి, నేల మీద బోర్లా పడుకున్నారు. పొడుగు పానా గోనె కిందికి దూర్చి మరమేకు పావు చుట్టు తిప్పారు. సుయ్‌య్ మని సన్నగా, చాలాసేపు వచ్చింది. నేను బయట తలుపు పక్కన నిలబడి ఆ చప్పుళ్ళు లెక్కపెట్టాను. మూడోదానికి గోనె పైకి లేచి పడింది. ఆరోది అయ్యాక ఆయన అలాగే పడుకుని కొంతసేపు లేవలేదు.

లేచి కళ్ళద్దాలు తీశారు. ఒళ్ళంతా చెమట. ఒక బిగింపు చేతిలో పట్టుకుని తిప్పి చూశారు.

"ఒక్కటీ లీకవలేదు" అన్నారు చిన్న గొంతుతో.

ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఇంకొకటుంది, కనబడడం లేదు" అన్నాను. ఇద్దరం కలిసి మళ్ళీ మొత్తం వెతికాము. అయిదయింది. వాణ్ణి కొట్టి అడగమంటారా అన్నాను. ఆయన మళ్ళీ బొగ్గుల డబ్బా బోర్లించారు.

పొద్దు వాలుతుంటే అత్తగారు మనవణ్ణి మా వరండాలోకి తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకుని, చేటలో బియ్యం పోసి రాళ్ళు ఏరడం మొదలుపెట్టారు. నేను తలుపు వెనకాల గాజు ముక్కలు చీపురుతో ఊడుస్తున్నాను. వాళ్ళకు నేను కనబడను.

"మీ అయ్య నీయంత ఉన్నప్పుడు నా బెల్లం అచ్చు దొంగతనం సేసి ఎక్కడ దాసేడో తెలుసా?" అన్నారామె.

వాడు చేటలో బియ్యపు గింజ ఒకటి వేలితో దొర్లించాడు.

"మీ తాత గొడుగులో."

"గొడుగులోనా?"

"మరి? వానొచ్చింది. మీ తాత గొడుగు ఇప్పేడు. బెల్లమంతా కరిగి నెత్తి మీద పాకం."

వాడు కిసుక్కున నవ్వాడు. "తాత కొట్టాడా?"

"కొట్టలేదు. ఒరే గుంటడా, నెత్తి నాకు అన్నాడు."

వాడు గట్టిగా నవ్వాడు. ఆమె రాయి ఒకటి తీసి పారేశారు.

"మామ్మా, అమ్మకి చెప్పకు."

"సెప్పను."

"బాలిష్‌లో ఉంది."

బాలిష్ అంటే దిండు. వాడిది కోల్‌బాలిష్, ఒళ్ళోకి తీసుకుని, మీద కాలు వేసుకుని పడుకునే పొడుగాటి దిండు. ఈ ఊళ్ళో పెరిగిన పిల్లలకు అది లేకపోతే నిద్ర పట్టదు. మా అబ్బాయిది గోడవైపు ఉంటుంది. గలీబు చివర ముడి విప్పి, దూదికీ గుడ్డకూ మధ్య సీసా దూర్చి, మళ్ళీ ముడి వేశాడు. ఆ పని చేసింది గురువారం, పుట్టినరోజు జరపలేదన్న కోపంతో. గురువారం రాత్రి, శుక్రవారం రాత్రి వాడు దాన్ని కావలించుకుని పడుకున్నాడు. వాడి పక్కన వాడి అక్క, దాని పక్కన నేను.

"ఎందుకు నాన్నా అక్కడ పెట్టినావు?" అని అత్తగారు అడిగారు. ఆమె చేట ఆపలేదు.

"టప్ అంటుంది కదా. పక్కన ఉంటే నాకే ముందు వినబడుతుంది."

నేను లోపలికి చూశాను. దిండు మంచం మీదే ఉంది. మధ్యాహ్నమంతా నేను ఆ మంచం చుట్టే తిరిగాను, దాని కింద దూరాను, దాని మీద మోచేయి ఆనించాను. పక్క సర్దేది అత్తగారు. బరువుగా ఉంటే దూది గడ్డ కట్టిందనుకున్నానని తర్వాత చెప్పారు.

మా ఆయన్ని పిలిచాను. ఆయన తడి గోనెపట్టా దిండు చుట్టూ చుట్టి, నిద్రపోయే పసిపిల్లను ఎత్తినట్టు రెండు చేతుల మీదకు తీసుకుని, క్వార్టర్ల వెనక ఖాళీ జాగాలోకి నడిచారు. మేమందరం దూరంగా నిలబడ్డాము. కాకీమా కూడా వచ్చింది. గోడ మూలన దించి, గుడ్డ మీదనుంచే తడిమి, మరమేకు ఎక్కడుందో చూసుకుని, పానా పెట్టి తిప్పారు. దిండులోంచి సుయ్‌య్ మని వచ్చింది. దూది తడిసి అల్లం నీళ్ళు కారాయి. అప్పటిదాకా నన్ను పట్టుకుని నిలబడ్డ కూతురు, "బాలిష్ ఉచ్చ పోసింది" అంది. అందరికంటే ముందు నవ్వింది మా అత్తగారు.

అబ్బాయి మాత్రం నవ్వలేదు. నా వైపు చూసి, వాళ్ళ మామ్మ చీర కుచ్చిళ్ళ వెనక్కి వెళ్ళాడు.

ఆ రాత్రి పిల్లలు నిద్రపోయాక కూడా నాకు వినబడుతున్నది పేలిన చప్పుడు కాదు. అమ్మకి చెప్పకు అన్న మాట. వాడు సీసాకు భయపడలేదు, నాకు భయపడ్డాడు. సాయంత్రం అత్తగారు చేట పట్టుకుని కూర్చోకపోతే, వాడు ఆ రాత్రి కూడా నోరు మెదపకుండా ఆ దిండు మీద కాలు వేసుకుని పడుకునేవాడు.

*

ఆదివారం పొద్దున ఇద్దరికీ తలంటి, అటుకులు పెట్టి, మంచం మీద ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. మా ఆడబిడ్డ వాళ్ళు పదకొండింటికి వస్తారు. ఈలోపల చెప్పాలనుకున్నాను.

"సీసా పేలడం మీ తప్పు కాదు, నా తప్పు" అన్నాను. "రెండు రోజుల్లోపల తెరవాలని నాకు తెలుసు. తెలిసి కూడా నాలుగు రోజులు వదిలేశాను."

"నాన్నది కాదా?" అంది కూతురు.

"నాన్న బాగా బిగించారు. అంత బాగా బిగించకూడదని నేను చెప్పాల్సింది. అలాంటివి నేను చదువుకున్నాను."

"మరి వీడిది?"

వాడు అటుకులు నమలడం ఆపాడు.

"వద్దన్నాక తీయడం తప్పే" అన్నాను. "కాని అడిగినప్పుడు చెప్పకపోవడానికి కారణం నేను. పోలీసు వస్తాడన్నాను. దీనికి పోలీసు రాడు."

వాడు ఆలోచించాడు. "ఇంజెక్షను?"

"జ్వరం వస్తే వేస్తారు. అబద్ధం చెప్పినందుకు వెయ్యరు."

"ఐసు తింటే గొంతు మూసుకుపోతుందన్నావు."

"మూసుకుపోదు. ఆ ఐసు మంచి నీళ్ళతో చెయ్యరు, అందుకని వద్దన్నాను. నీకు మళ్ళీ కామెర్లు వస్తాయని నా భయం."

కూతురు నన్నే చూస్తోంది. ఎక్కడికి వస్తుందో నాకు తెలుస్తూనే ఉంది.

"ఛేలేధరా?"

పొయ్యి దగ్గర ఉన్న అత్తగారు తల తిప్పి, అది మాత్రం ఉండనీ అన్నట్టు కళ్ళతో చూశారు. నాకూ ఉండనివ్వాలనే అనిపించింది. వాడు ఎన్నాళ్ళుగానో మా గేటు కాపలా కాస్తున్నాడు.

"లేడు" అన్నాను. "గేటు దాటితే రైలు పట్టాలున్నాయి. నా భయం వాటి గురించి. ఆ మాట చెప్పకుండా వాడి పేరు చెప్పాను. వాడు లేడు, పట్టాలు ఉన్నాయి. పట్టాల దగ్గరికి వెళ్ళకూడదు."

అబ్బాయి చేయి పక్కకు వెళ్ళింది, దిండు కోసం. అది పెరట్లో తాడు మీద ఆరుతోందని గుర్తొచ్చి చేయి వెనక్కి తీసుకున్నాడు.

"మళ్ళీ ఏదైనా దాస్తే, ఎక్కడుందో ముందు నాకు చెప్పండి" అన్నాను. "ఎందుకు తీశారో ఆ రోజు అడగను. మర్నాడు అడుగుతాను."